ఎవరి సమాధికి వాళ్ళ కరెంటు

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం మరునాటి పొద్దున ఏసేపు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరు గంటలకు చర్చి వెనక సామాన్ల గది తెరిచి గడ్డి కోసే మిషన్ బయటికి తీయాలి. ప్లగ్గు విప్పి తుడవాలి. బ్లేడుకు ఆకురాయి పెట్టాలి. ఏడింటికల్లా సమాధుల తోట గేటు ముందు కూర్చుంటే జనం ఒక్కొక్కరే పెట్రోలు సీసాలతో వస్తారు. శనివారం సాయంత్రానికి నలభై సమాధుల చుట్టూ గడ్డి కోసి పెడితే, ఆదివారం తెల్లవారుజామున ఈస్టరు ఆరాధనకు వచ్చేవాళ్ళ చీరలకూ పంచెలకూ ముళ్ళు పట్టవు. తొమ్మిదేళ్ళుగా జరుగుతున్న పని. అందులో కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ లేదు కాబట్టే అది ఏసేపుకు నచ్చేది.

నందికొట్కూరు దాటి ఏడు కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు అది. వానలు చేలకు ముఖం చాటేసినా సమాధుల తోటలో గడ్డి మాత్రం నడుములోతు పెరుగుతుంది. బతికినన్నాళ్ళూ చేలో పండించలేకపోయిన వాళ్ళంతా కిందికి పోయినాక పండిస్తున్నారని ఏసేపు అంటుండేవాడు. ఆ మాటకు నవ్వేవాళ్ళు తక్కువ. ఏసేపు కూడా నవ్వించడానికి అనేవాడు కాదు.

పెట్రోలు సీసాల సంగతి ఎవరూ రాసి పెట్టిన నియమం కాదు. ఏ ఇంటి సమాధి చుట్టూ గడ్డి కోయాలంటే ఆ ఇంటివాళ్ళే పెట్రోలు తెచ్చివ్వాలి. పరాయివాళ్ళ పెట్రోలుతో తండ్రి సమాధి శుభ్రం చేయించుకుంటే ఆ తండ్రికి కొడుకులు లేనట్టే లెక్క. అందుకని పావు సీసా సరిపోయే చోట ప్రతి ఇల్లూ నిండు సీసా తెచ్చేది. మిగిలింది ఏమవుతుందని తొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అది ఏసేపు మోపెడ్‌లోకి పోయేది. మిషన్ కూడా చర్చిదే గానీ ఈస్టరు వారం తప్ప ఏడాది పొడుగునా ఏసేపు భుజం మీదే ఉండేది. నిమ్మతోటలూ, బడి ఆవరణలూ, విత్తనాల గోదాములూ, ఎక్కడ గడ్డి ఉంటే అక్కడికి మోపెడ్ మీద పోయి కోసేవాడు. ఐదో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసి నడుము పోగొట్టుకున్న మనిషికి యాభై మూడో ఏట ఇంకో పని ఎవరూ నేర్పరు. ఆ మిషన్ ఉంటే ఏసేపు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పోతే ఆరుతుంది. అంతకు మించి దాచిందేమీ లేదు.

సామాన్ల గదిలో మిషన్ లేదు. దాని చోట ఒక పొడుగాటి అట్టపెట్టె, పక్కన కుర్చీ, కుర్చీలో సంఘ కార్యదర్శి యేసుప్రసాద్. ఆయన కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్నప్పుడు ఊరికి చేయని పనులన్నీ ఇప్పుడు చర్చికి చేస్తున్నాడు.

"రా ఏసేపూ. బ్యాటరీది. నిన్ననే తెచ్చినా," అన్నాడు.

"పాతది యాడ సార్?"

"మా ఇంట్లో ఉండాది. దాని సంగతి ఈస్టరయినాక కమిటీ చెప్తాదిలే. ముందు దీన్ని చూడు."

ఆయన బటన్ ఒత్తాడు. చెవి పక్కన దోమ తిరిగినంత శబ్దం వచ్చింది.

"ఇంతేనా సార్?"

"ఇంతే. పొగ లేదు, కంపు లేదు. పోయినేడు ఈస్టరు నాడు సమాధుల కాడ మల్లెపూల కంటే పెట్రోలే ఎక్కువ వాసనొచ్చిందని పాస్టరు అమ్మగారు మొత్తుకున్యారు గదా. చార్జింగు పెట్టుకుంటే నలభై నిమిషాలు తిరుగుతాది. తాడు లాగే పని గూడా లేదు."

"తాడు లాగేది లేకుంటే ఇంగ నేనెందుకు సార్?"

"బటన్ ఒత్తనీకి," అన్నాడు యేసుప్రసాద్, మంచి మాట చెబుతున్నట్టే.

ఏసేపు ఆ పెట్టెను భుజానికెత్తుకుని తోటవైపు నడిచాడు. దారి పొడుగునా ఒకటే మాట నమిలాడు. దాని సంగతి ఈస్టరయినాక కమిటీ చెబుతుంది. అంటే అమ్మేస్తారు. కొత్తది బాగా కోసిందంటే పాతది అమ్మేస్తారు. ఈ కొత్తది సార్ ఇంట్లో చార్జింగులో ఉంటుంది, సార్ ఇంట్లోనే తాళంలో ఉంటుంది. నిమ్మతోటల్లో కరెంటెక్కడుంది? ఇది బాగా కోయకూడదు. తన చేయి లేకుండా, దానంతట అదే చెడిపోవాలి. ఎట్లా అన్నది మాత్రం తెలియలేదు.

గేటు దగ్గర ముగ్గురు అప్పటికే సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఓబులమ్మ, తోట పక్కింటి ఈరక్క, మిరపకాయల వ్యాపారం చేసే నాగరాజ్. ఓబులమ్మ డెబ్బై దాటిన మనిషి. ఆ సంఘంలో పాస్టరు అయ్యగారి తర్వాత మాట చెల్లేది ఆమెదే.

"తీసుకోప్పా ఏసేపూ," అని సీసా చాచింది.

"పెట్రోలొద్దు పెద్దమ్మా. మిషన్ మారింది. ఇది కరెంటుతో పనిచేస్తాది."

"మల్లా మేమేమియ్యల్ల?"

ఆ ప్రశ్నకు "ఏమీ అక్కర్లేదు" అని చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ ఏసేపుకు కడుపు మండుతోంది. వీళ్ళను నాలుగు రోజులు ఇబ్బంది పెడితే వీళ్ళే పోయి సార్ మీద పడతారు, పెట్రోలే మేలని అరుస్తారు అనిపించింది.

"కరెంటియ్యల్ల," అన్నాడు. "అప్పుడు ఎవురి సమాధికి వాళ్ళ పెట్రోలు. ఇప్పుడు ఎవురి సమాధికి వాళ్ళ కరెంటు. ఈ బ్యాటరీ మీ ఇండ్లకు తీస్కపోయి రెండు గంటలు చార్జింగు పెట్టుకోని రాండి. మీ చార్జింగుతో మీ వాళ్ళది కోస్తా."

ఏసేపు తిట్ల కోసం ఎదురు చూశాడు. ఓబులమ్మ సీసా మూత బిగించి కొంగులో పెట్టుకుంది.

"న్యాయమే గదా," అంది.

"ముందు మా ఇంటికియ్యి, దగ్గర," అంది ఈరక్క.

ఈరక్క బ్యాటరీని చీర చెంగులో చుట్టుకుని, చంటిపిల్లను తీసుకుపోయినట్టు తీసుకుపోయింది. మధ్యలో కరెంటు పోయి రావడంతో పన్నెండుకు తిరిగి తెచ్చింది. చార్జింగు నిండిందని చూపించే నాలుగు లైట్లూ దాని మీద వెలుగుతున్నాయి. ఆమె తల్లి సమాధి చుట్టూ కోయడానికి పది నిమిషాలు పట్టింది. బాగా కోసింది కూడా, ఏసేపుకు అదొక బాధ. తర్వాతది నాగరాజ్ తండ్రిది. మిషన్ అటు తిప్పబోతుంటే నాగరాజ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆగప్పా. అందులో ఉండేదెవురి కరెంటు?"

"ఈరక్కోల్లది మిగిలుండాది."

"మా నాయన ఆమె సొమ్ముతో శుభ్రం చేయించుకునే మనిషా? అది ఖాళీ చెయ్యి. మాది పెట్టుకోని వస్తా."

"ఎట్ల ఖాళీ చెయ్యల్ల?"

"అది నీ తిప్పలు."

ఏసేపు మిషన్ను గాల్లోకి ఎత్తి బటన్ ఒత్తి నిలబడ్డాడు. ఒంటి గంట ఎండ. కోయడానికి ఏమీ లేదు, ఆపడానికి వీల్లేదు. నాగరాజ్ గొడుగు కింద కూర్చుని లైట్లు ఆరేదాకా చూస్తూ ఉన్నాడు. రోడ్డు మీద పోయే మోటారుసైకిలాయన ఒకడు బండి ఆపి, "ఏమప్పా, దోమలు కొడతాండావా?" అని అడిగాడు. "లేదన్నా, ఈగలు," అన్నాడు ఏసేపు. అరగంటకు నాలుగో లైటు ఆరింది. నాగరాజ్ బ్యాటరీ తీసుకుని చార్జింగుకు పోయాడు. వాళ్ళింట్లో ఆ సమయానికి పిండిమిల్లు నడుస్తోంది, అది ఆగాకే బ్యాటరీ వంతు వచ్చింది. బ్యాటరీ వచ్చేసరికి పొద్దు గుంకింది.

మంగళవారం మూడు సమాధులయ్యాయి. బుధవారం పొద్దున ఒకటి. కోసేది పది నిమిషాలు, ఎదుటివాళ్ళ కరెంటు గాల్లోకి వదిలేది అరగంట. ఏసేపు భుజాలు పీకుతున్నాయి గానీ లోపల హాయిగానే ఉంది. ఈ లెక్కన ఈస్టరుకు పదకొండు సమాధులు కూడా కావు. అప్పుడు చచ్చినట్టు పెట్రోలు మిషన్ బయటికి తీస్తారు. మంగళవారం రాత్రే అన్నం తింటూ ఈ మాట రెజీనాతో చెప్పుకుని మురిశాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో రెజీనా అతని ఏ పథకాన్నీ మెచ్చుకోలేదు.

"పోయి సార్‌ను నోరు తెరిచి అడగరాదూ, ఆ పాత మిషన్ నాకియ్యి సార్ అని," అంది.

"నేనడగల్లనా? తొమ్మిదేండ్లు చేసినా. వాళ్ళకే తెలియొద్దూ?"

"సరే, అడగొద్దు. గాల్లోనే కొయ్యి."

బుధవారం మధ్యాహ్నం ఈరక్క వచ్చింది. ఆమెకు ఎవరో చెప్పారు.

"ఏమప్పా, నా కరెంటు అరగంట సేపు గాలికి వదిలినావంటనే?"

"నాగరాజు ఖాళీ చెయ్యమన్యాడక్కా."

"వాడెవుడు నా కరెంటు పారబొయ్యనీకి? మిగిలింది నాకియ్యల్ల గదా. మా చిన్నాయన సమాధికైనా అయ్యేది." ఆమె కళ్ళు చిన్నవి చేసింది. "అవునూ, ఇన్నేండ్లు పెట్రోలు మిగిలింది గూడా నువ్వెప్పుడూ తిరిగియ్యలేదే?"

 ఆ ప్రశ్న ఇంకో ఇద్దరి చెవుల్లో పడితే మోపెడ్ ఎలా నడుస్తోందో ఊరంతా తెలిసిపోతుంది. సాయంత్రం లోపల ఆమె చిన్నాయన సమాధి, చిన్నాయన భార్య సమాధి, ఆ పక్కన ఎవరిదో తెలియని చిన్నపిల్ల సమాధి, మూడూ చేత్తో గడ్డి పీకి శుభ్రం చేశాడు. వాటికి ఎవరి కరెంటూ కాలేదు. ఈరక్క చూసి, "ఇప్పుడు సరిపాయె," అని వెళ్ళిపోయింది.

అప్పటికి సంగతి యేసుప్రసాద్ దాకా పోయింది. బుధవారం సాయంత్రం ఆయన చర్చి ముందర అందరినీ కూర్చోబెట్టి, సుద్దముక్కతో గోడ మీద ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ వేశాడు.

"సూడండి. కరెంటుకు కులం లేదు, ఇల్లు లేదు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ కాడ నుంచే అందరిండ్లకూ వస్తాంది. ఈరక్క కరెంటు, నాగరాజు కరెంటు అని ఉండదు. అంతా ఒకటే."

ఓబులమ్మ వెనక బెంచీ నుంచి లేచింది.

"నీళ్ళు గూడా ఒకటే ట్యాంకు కాడ నుంచి వస్తాయి గదా సార్?"

"అవును."

"మా బిందెలోకి వచ్చినంక అవి మా నీళ్ళేనా, కాదా?"

ముప్పై ఏళ్ళు కరెంటుతో బతికిన మనిషి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ట్యాంకు బొమ్మ గీసి, మళ్ళీ చెరిపేశాడు. "మీటరు మాది తిరిగింది సార్, ట్రాన్స్‌ఫార్మరుది కాదు," అన్నాడు నాగరాజ్. సభ ముగిసింది.

గురువారం అసలు ముడి పడింది. తోట మధ్యలో పాలరాయి పరిచిన పెద్ద సమాధి ఓబులమ్మ మామది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దకోడలు ఓబులమ్మ, చిన్నకోడలు కృపారాణి. పాటల బృందంలో ముందు వరస ఎవరిదన్న సంగతి మీద తోడికోడళ్ళిద్దరికీ నాలుగేళ్ళుగా మాటలు లేవు. పెట్రోలున్న రోజుల్లో చెరో సీసా తెచ్చేవాళ్ళు, ఏసేపు రెండూ ఒకే ట్యాంకులో పోసేవాడు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. బ్యాటరీకి రెండు నోళ్ళు లేవు.

యేసుప్రసాద్ స్వయంగా వచ్చి మధ్యస్తం చేశాడు. "నాలుగు లైట్లుండాయి. రెండు లైట్ల దాకా ఓబులమ్మక్క ఇంట్లో పెట్టండి, తక్కిన రెండూ కృపారాణి ఇంట్లో. సగం సగం. ఇంగేం మాట్లాడొద్దు."

ఇద్దరూ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి బ్యాటరీ నిండి వచ్చింది. ఏసేపు మిషన్ భుజాన వేసుకుని సమాధి తలవైపు నిలబడ్డాడు. కృపారాణి ముందుకొచ్చింది. తోడికోడలితో మాటలు లేవు కాబట్టి ఏసేపు మొహం చూసి మాట్లాడింది.

"ఏసేపన్నా, కింద రెండు లైట్లు ఆమెవి. మీద రెండు మావి. ముందు ఖర్చయ్యేది ఏవి?"

"మీదివే అనుకుంటా తల్లీ."

"అంటే మా కరెంటు మామ తలకాడ కోస్తాది. ఆమెది కాళ్ళకాడికి వస్తాది. బాగుంది. కానియ్యి."

ఓబులమ్మ కూడా ఏసేపుతోనే మాట్లాడింది.

"ఏసేపూ, అట్లయితే కాళ్ళకాడ మొదలుపెట్టు. పెద్దకోడలు నేను. తల నాది."

"పెద్దకోడలు గాబట్టే కాళ్ళు పట్టుకునుండల్ల, ఏసేపన్నా. ఆయన మంచాన పడినప్పుడు పట్టలే గదా."

"ఆ మాట ఆమెనే నా మొగం చూసి అనమను ఏసేపూ."

ఏసేపు తలవైపు నుంచి కాళ్ళవైపు పోయాడు, కాళ్ళవైపు నుంచి తలవైపు వచ్చాడు. మిషన్ మోటారు మొదలుకాకుండానే అటూ ఇటూ ఆరుసార్లు తిరిగాడు. చివరికి ఓబులమ్మ సమాధి తలవైపు రాతి మీద, కృపారాణి కాళ్ళవైపు రాతి మీద కూర్చున్నారు. ఎవరూ లేచే పరిస్థితి లేదు. యేసుప్రసాద్ ఇద్దరి మధ్య నిలబడి బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏసేపూ, మిషన్ దించు," అన్నాడు చివరికి. "ఈ తగవు నేను తీరుస్తా. నాకు దోవ దొరికింది. నువ్వింటికి పో. శనివారం పొద్దున రా." అని ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయాడు.

ఏసేపుకు ఆ దోవ ఏమిటో చెప్పనక్కర్లేదు. పెట్రోలు. ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. శుభ శుక్రవారం పని చేయకూడదు కాబట్టి ఆ రోజంతా చర్చిలోనే గడిచింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలూ అయ్యగారు చెబుతుంటే ఏసేపు తల వంచుకుని, మోపెడ్ వెనక మిషన్ కట్టడానికి కొత్త తాడు ఎంత పొడుగుండాలో ఆలోచించాడు. అయిదింటికి పడమటి నుంచి గాలివాన లేచింది. తాటాకు పందిళ్ళు ఎగిరాయి. ఊరి బయట మూడు కరెంటు స్తంభాలు పడుకున్నాయి. దీపం బుడ్డి వెలుతురులో ఏసేపు నవ్వుతూ అన్నం తింటుంటే రెజీనాకు భయమేసింది.

శనివారం పొద్దున గేటు దగ్గర యేసుప్రసాద్ నిలబడి ఉన్నాడు. చేతిలో రెండో బ్యాటరీ, కొత్తది. ఆయన మొహంలో వెలుగు లేదు.

"ఓబులమ్మక్కకు ఒకటి, కృపారాణికి ఒకటి అనుకుంటి," అన్నాడు. "కర్నూలు షాపులో చార్జింగు పెట్టి ఇస్తామన్యారు. ఈ పొద్దు పెట్టె విప్పి చూస్తే ఒక్క లైటే వెలుగుతాంది. మొదటి బ్యాటరీలో ఉండేది ఆ తోడికోడండ్ల కరెంటు, దాన్ని ముట్టుకుంటే మల్లా కొట్లాటే. ఈడ కరెంటు లేదు, నందికొట్కూర్లో గూడా లేదు."

"ఎప్పుడొస్తాది సార్?"

"సోమవారం వస్తాది."

"అంత లేటా? మీరు డ్యూటీలో ఉండుంటే?"

 ఆయనకు అబద్ధం చెప్పే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "బుధవారం," అన్నాడు.

ఏసేపు ఈ క్షణం కోసం మూడు రోజులు మిషన్ను గాల్లో ఆడించాడు. గొంతు సవరించుకున్నాడు. ఎక్కువ సంతోషం కనిపించకుండా జాగ్రత్తపడ్డాడు.

"పోనీలే సార్. పాత మిషన్ తీయండి. పెట్రోలు నేనే పోసుకుంటా. సాయంత్రానికి చుట్టేస్తా."

"అది లేదప్పా."

"లేదంటే?"

"ఈ రెండో బ్యాటరీ ఎట్లొచ్చింది అనుకున్యావు? కమిటీ కాడ దుడ్లు యాడుండాయి? పాతది షాపోనికిచ్చి ఇది తెచ్చినా. గురువారమే."

ఏసేపు గేటు ఊచ పట్టుకున్నాడు. యేసుప్రసాద్ కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"ఇంగో మాట. రేపు చెప్పల్లనుకుంటి. ఇప్పుడు చెప్పినా ఒకటే. ఆ మిషన్ నీకియ్యల్లని కమిటీ తీర్మానం చేసింది. రేపు ఆరాధన అయినాక పేరు పిలిచి, శాలువా కప్పి ఇద్దామని. తొమ్మిదేండ్లు తోట చూసినావని. మా ఇంట్లో పెట్టుకోని కొత్త ప్లగ్గు గూడా వేయించినా. ఏం చేద్దాం మల్లా? ఎవురో మహానుభావుడు, ఎవురి సమాధికి వాళ్ళ కరెంటని ఊరంతా ఎక్కించినాడు. రెండోది తేకుంటే ఆ తోడికోడండ్లు ఈస్టరు పొద్దున ఆ సమాధి మీదనే కొట్టుకుంటారు."

ఏసేపు గేటు గొళ్ళెం సరిచేస్తూ అడిగాడు.

"ఎవురంట సార్ ఆ చెప్పినోడు?"

"తెలీదు. నీకు తెలుసా?"

తెలియదన్నాడు ఏసేపు.

పక్క ఊళ్ళ నుంచి పెట్రోలు మిషన్ అరువు తెచ్చే దారి లేదు, వాళ్ళకూ రేపే ఈస్టరు. ముప్పైకి పైగా సమాధులు మిగిలి ఉన్నాయి. యేసుప్రసాద్ గొంతు తగ్గించాడు. "కొడవలితో కొయ్యి ఏసేపూ. గేటు లోపల తాళం వేసుకో. ఎవురూ చూడగూడదు. రెండు బ్యాటరీలు పెట్టుకోని కొడవలితో కోయిస్తివని నా మీద పడతారు. ఈ మాట మనిద్దరి మధ్యనే ఉండనీ."

మరో మనిషయితే ఎదురు తిరిగేవాడు. ఎదురు తిరిగితే సంగతి కూపీ లాగుతారు, కూపీ లాగితే గేటు దగ్గర సోమవారం ఎవరేమన్నారో బయటపడుతుంది. ఏసేపు ఇంటికి పోయి రెజీనాను పిలుచుకొచ్చాడు. ఆమె రెండు కొడవళ్ళు తెచ్చింది. దారిలో ఏసేపు ఉన్నదంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఊర్లో కరెంటు లేకున్యా పనిచేసేది నీ నోరొకటే," అని మాత్రం అంది.

ఇద్దరూ గేటుకు లోపల తాళం వేసుకుని వంగారు. గాలివానకు గడ్డి తడిసి పడుకుంది, తుమ్మ ముళ్ళు మెత్తగా కనిపించి గట్టిగా దిగుతున్నాయి. పది గంటలకు ఏసేపు నడుము నిలబడనంది. పన్నెండింటికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి, రెండింటికి పగిలాయి. రెజీనా తన కొంగు చించి ఒక చేతికి కట్టింది. రెండో చేతికి కట్టడానికి ఇంకా చించితే రేపు కట్టుకోవడానికి చీర ఉండదంది.

మధ్యాహ్నం గోడ అవతల మనుషులు చేరారు. ఈరక్క గొంతు వినిపించింది.

"గేటేసుకోని కోస్తాండాడంట. విన్యారా, చప్పుడే లేదు."

"మిషనంటే అదీ," అన్నాడు నాగరాజ్. "లోపల పని జరుగుతాండేది గూడా తెలీదు. పెట్రోలుదయితే ఊరంతా చెవులు మూసుకోవల్ల."

"కరెంటు లేదు గదా, ఎట్ల తిరుగుతాంది?" ఇది ఓబులమ్మ.

"సార్ కొత్త బ్యాటరీ తెచ్చినాడు పెద్దమ్మా. కర్నూల్లోనే చార్జింగు పెట్టినారంట."

 ఏసేపు కొడవలి ఆపి చెవి పెట్టాడు. ఇప్పుడైనా తగవు లేస్తుందేమోనని చిన్న ఆశ.

"కర్నూలు కరెంటయితే ఎవురిదీ కాదు," అంది ఓబులమ్మ నిదానంగా. "తలకాడయినా ఒకటే, కాళ్ళకాడయినా ఒకటే."

"అవునక్కా," అంది కృపారాణి.

నాలుగేళ్ళలో ఆ తోడికోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాట అది. ఆ సమయానికి ఏసేపు వాళ్ళ మామ సమాధి తలవైపు మోకాళ్ళ మీద కూర్చుని, వేలిలోంచి ముల్లు పీక్కుంటున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున తోట నిండా కొవ్వొత్తులు. ఏ సమాధి చుట్టూ ఒక్క గడ్డిపోచ లేదు. మిషన్ బ్లేడు అందని రాళ్ళ సందుల్లో కూడా లేదు. జనం వంగి వంగి చూసి ఆశ్చర్యపోయారు. అమ్మగారు గాఢంగా గాలి పీల్చి, ఈసారి పూల వాసన ఒక్కటే వస్తోందని పదిమందికి చెప్పారు. ఓబులమ్మా కృపారాణీ పాలరాతి సమాధి మీద ఒకే దండ వేశారు. అది చూసి నలుగురు కళ్ళు తుడుచుకున్నారు. ఏసేపు చివరి వరసలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఆరాధన అయినాక కమిటీ శాలువా బయటికి తీసింది. కొన్నది వృథా పోకూడదు కదా. ఇంత మంచి యంత్రం తెచ్చి సంఘంలో శాంతి సమాధానాలు నెలకొల్పినందుకు దాన్ని యేసుప్రసాద్‌కు కప్పారు. ఆయన ఏసేపు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. మెడ అటు తిప్పుకునే శాలువా కప్పించుకున్నాడు. ఇకమీదట ఆ మిషన్ను తోట దాటించకూడదనీ, సార్ ఇంట్లోనే భద్రంగా ఉంచాలనీ తీర్మానం చదివారు. చేతులెత్తి ఒప్పుకోమన్నప్పుడు ఏసేపు ఎత్తలేదు. చేతికి కట్టిన చీరముక్క ఊడుతుందని భయం.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, పొగ లేకుండా, చప్పుడు లేకుండా, ఏ మనిషికీ శ్రమ లేకుండా నీ తోటను శుభ్రపరచిన ఈ యంత్రము కొరకు నీకు స్తోత్రములు. దీన్ని చిరకాలము మా మధ్య ఉంచుమని వేడుకొనుచున్నాము తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. ఏసేపు కూడా అన్నాడు, కొంచెం ఆలస్యంగా.